అన్నయ్య తెస్తానంటున్న గిటార్, మాస్టారు చెప్పిన తీగలు

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమెకు 31 ఏళ్లు, ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతారు. చిన్నప్పటి నుంచి చర్చి క్వయర్‌లో పాడుతున్నారు. నాలుగేళ్ల క్రితం గిటార్ మొదలుపెట్టి, శనివారాలు రైలెక్కి విజయవాడ సత్యనారాయణపురంలో ఒక మాస్టారి దగ్గరికి వెళ్లి నేర్చుకుంటున్నారు. ఇప్పుడు ఆదివారం ఆరాధనలో నిలబడి పాడుతూ వాయించేది ఆమే. చేతిలో ఉన్నది పెద్ద అకౌస్టిక్ గిటార్. రెండు గంటలు వాయిస్తే ఎడమ చేతి వేళ్లు మంటెత్తిపోతున్నాయి. ఎఫ్ కార్డ్ (చూపుడు వేలిని తీగల మీద అడ్డంగా నొక్కి పట్టే స్వరాల కలయిక) పట్టాల్సిన పాట ఉందంటే శనివారం రాత్రి నుంచే టెన్షన్. పాత కీర్తనల్లో గొంతులో పలికే జారులు, ఊపులు ఆ తీగల మీద పలకడం లేదు. అందుకని ఎలక్ట్రిక్ గిటార్ కొనుక్కోవాలనుకున్నారు. స్కూలు టీచర్లు కలిసి వేసుకున్న చీటీ పాడితే చేతికి 45 వేలు వచ్చాయి.

చిక్కు ఆ తర్వాత మొదలైంది. డల్లాస్‌లో ఉండే అన్నయ్య "డిసెంబర్‌లో వస్తున్నా, నీకు లెస్ పాల్ తెస్తా, నువ్వు ఒక్క రూపాయి ఖర్చు పెట్టకు" అన్నారు. లెస్ పాల్ అంటే గిబ్సన్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటార్. అన్నయ్యకు కాలేజీ రోజుల్లో గిటార్ నేర్చుకోవాలని ఉండేదట, నాన్నగారు ఒప్పుకోలేదట. మాస్టారేమో "లెస్ పాల్ నువ్వు మొయ్యలేవు. స్ట్రాట్ తీసుకుని 11 గేజ్ తీగలు వేసుకో, వేళ్లు కాయలు కాస్తే నొప్పి దానంతట అదే పోతుంది" అన్నారు. స్ట్రాట్ అంటే ఫెండర్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటార్, గేజ్ అంటే తీగ లావు. చర్చిలో యూత్ పిల్లలు "అక్కా, హంబకర్ ఉన్నదే తీసుకో, సింగిల్ కాయిల్ అయితే మన దగ్గర గుయ్యిమంటుంది" అంటున్నారు. హంబకర్, సింగిల్ కాయిల్ రెండూ తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే పికప్‌లలో రకాలు. ఆ పిల్లల్లో ఒకరి ఎలక్ట్రిక్ గిటార్ అడిగి తీసుకుని ఒక ఆదివారం వాయించి చూశారు. వేళ్లకు హాయిగానే ఉంది గానీ కార్డులన్నీ అపశ్రుతిగా వినిపించాయి. పాడుతుంటే మైకు పెదవికి తగిలి జివ్వుమంది కూడా. "అన్నయ్యను కాదంటే బాధపడతాడు. మాస్టారిని కాదంటే చిన్నబుచ్చుకుంటారు. ఎవరి మాట వినాలో చెప్పండి" అని ఉత్తరం ముగించారు.

మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన ఆ మైకు సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ డిసెంబర్ దాకా ఆగగలవు, అది ఆగకూడదు. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగలు బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద వాటిని పట్టి ఉంచే లోహపు ముక్క) ద్వారా గ్రౌండ్ వైరుకు కలిపి ఉంటాయి. మీ చెయ్యి ఎప్పుడూ ఆ తీగల మీదే ఉంటుంది. మైకు ఇంకో పరికరానికి, బహుశా ఇంకో ప్లగ్ పాయింటుకు కలిపి ఉంటుంది. ఈ రెంటిలో ఏ ఒక్కదానికి ఎర్త్ సరిగ్గా లేకపోయినా పెదవి నుంచి చేతికి కరెంటు దారి దొరుకుతుంది. మీకు తగిలింది చిన్నదే కావచ్చు. లోపం ముదిరితే ప్రాణం మీదికి వచ్చేదీ ఆ దారినే. పాస్టరు అయ్యగారితో మాట్లాడి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. ప్లగ్ పాయింట్లలో ఎర్త్ ఉందో లేదో మీటరు పెట్టి చూడమనండి. మూడో పిన్ను విరిచేసిన ప్లగ్గులు, రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సులు ఉంటే తీసేయించండి. మిక్సర్, కీబోర్డ్, గిటార్ పెడల్ (నాదాన్ని మార్చే, కాలితో నొక్కే పరికరం) అన్నీ ఎర్త్ ఉన్న ఒకే లైను నుంచి తీసుకుంటే మంచిది. ఆ లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) పెట్టిస్తే ఇంకా మంచిది. మైకుకు స్పాంజి తొడుగు వేస్తే జివ్వుమనడం తెలియదు, అంతే. లోపం అలాగే ఉంటుంది. ఈ పని అయ్యేదాకా అక్కడ ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని మైకు ముందు నిలబడకండి.

ఇక నొప్పి. మీరు రాసింది వేలికొసల మంట గురించి. అది తీగల వల్ల వచ్చేది, తీగలతో తగ్గేది. మణికట్టులో నొప్పి, చెయ్యి తిమ్మిరెక్కడం, రాత్రి నిద్రలో వేళ్లు జుమ్మనడం లాంటివి కూడా ఉంటే మాత్రం ఏ గిటార్ కొన్నా పోదు, ముందు డాక్టరుకు చూపించాలి. ఎఫ్ కార్డ్ దగ్గర బాధంతా మీ చేతి లోపం అనుకుంటున్నట్టున్నారు. నాకు ఎక్కువ అనుమానం మీ గిటార్ నట్ మీద. మెడ చివర, తల దగ్గర తీగలు ఆనే గాడుల పట్టీ అది. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలే ఫ్రెట్లు. ఎఫ్ పట్టేది మొదటి ఫ్రెట్‌లో, నట్‌కు ఆనుకుని. నట్‌లో గాడులు లోతుగా కోయకపోతే అక్కడ తీగ ఎత్తుగా నిలబడి, దాన్ని కిందికి తేవడానికి రెట్టింపు బలం పెట్టాల్సి వస్తుంది. ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒక తీగను మూడో ఫ్రెట్‌లో నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్ మీద ఆ తీగకూ లోహానికీ మధ్య సందు ఎంతుందో చూడండి. వెంట్రుకంత ఉంటే సరే. పోస్టుకార్డు దూరిపోయేంత ఉంటే నట్ పని చేయించాలి. నాలుగేళ్లుగా సెటప్ (తీగల ఎత్తు, శ్రుతి సరిచేయించే పని) చేయించలేదని మీరే రాశారు కాబట్టి అదే అయ్యుండొచ్చు.

కాబట్టి మీ ముందున్న మొదటి దారి అసలు ఏమీ కొనకుండానే మొదలవుతుంది. ఉన్న గిటార్‌కు సెటప్ చేయించి, 12 గేజ్ తీసేసి 11 గానీ 10 గానీ వేయించండి. ఖర్చు ఒక తీగల సెట్టు, పనివాడి కూలి. ఇంకో ఉపాయానికి అది కూడా అక్కర్లేదు. ఆరు తీగలనూ అర మెట్టు, అంటే ఒక ఫ్రెట్ అంత, కిందికి శ్రుతి చేసి, మొదటి ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ కలిపి నొక్కి పట్టే క్లిప్పు) పెట్టండి. కీబోర్డుతో శ్రుతి కలుస్తుంది, తీగల లాగుడు 11 శాతం తగ్గుతుంది, పైగా నట్ ఎత్తు గొడవ కేపోతో తప్పిపోతుంది. రేపు సాయంత్రమే చేసి చూడండి. దీంతో ఆదివారాల నొప్పి చాలావరకు తగ్గుతుంది. తగ్గని కొరత ఒకటుంది, అది మీకు ముఖ్యమైనదే. అకౌస్టిక్ మీద మూడో తీగకు కూడా చుట్టు ఉంటుంది. అది వంగదు, జారితే కీచుమంటుంది, నాదం త్వరగా ఆరిపోతుంది. ఎలక్ట్రిక్‌లో మూడో తీగ నున్నటి ఉక్కు తీగ, సన్నగా ఉండే ఆ మొదటి మూడింటి మీద ఎంతసేపైనా లాగవచ్చు, ఊపవచ్చు. మన తెలుగు క్రైస్తవ కీర్తనలు 19వ శతాబ్దం నుంచి కర్ణాటక రాగతాళాల్లో కట్టుకున్నవి, వాటికి ఈ జారులూ ఊపులూ అలంకారం కాదు, ప్రాణం. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు జంట తీగల అకౌస్టిక్ మాండొలిన్‌ను వదిలి అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు వచ్చారు. గమకం పలకడానికి, స్వరం నిలబడటానికి ఆ వాద్యమే తోడైంది. మీ కోరిక కూడా అలాంటిదే. కాబట్టి ఎలక్ట్రిక్ కొనడం సబబే. మొదటి దారి మీకు డిసెంబర్ వరకు నొప్పి లేకుండా ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది.

మీకు సలహా ఇచ్చిన ముగ్గురిలో ఎవరూ తప్పు చెప్పలేదు. కానీ ముగ్గురూ మూడు వేరే ప్రశ్నలకు జవాబు చెప్పారు. చెల్లికి ఇవ్వదగిన గొప్ప గిటార్ ఏది అని అన్నయ్య ఆలోచించారు. శిష్యురాలి స్వరం గట్టిగా ఎలా పలకాలి అని మాస్టారు ఆలోచించారు. స్పీకర్లో రొద రాకుండా ఉండాలని పిల్లలు ఆలోచించారు. మీరు రెండు గంటలు నిలబడతారని, పాడుతూ వాయిస్తారని, చెయ్యి చిన్నదని, సగం పాటల్లో కార్డులు దంచాలని, సగం పాటల్లో తీగను గొంతులా పాడించాలని ఎవరి లెక్కలోనూ లేదు. ఆ లెక్క మీరే వేయాలి. ఎవరి మాట వినాలన్న దానికంటే అది తేలికైన ప్రశ్న.

తీగలతో మొదలుపెట్టండి, గిటార్ తర్వాత. గేజ్ అంటే అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. 9 అంటే అన్నిటికన్నా సన్న తీగ 0.23 మిల్లీమీటర్లు, 10 అంటే 0.25, 11 అంటే 0.28. వింటే ఏమంత తేడా అనిపించదు. చేతికి తెలిసేది లాగుడులో. ఫెండర్ స్ట్రాట్ కొలతలో నట్ నుంచి బ్రిడ్జ్ దాకా 25.5 అంగుళాలు. దాని మీద 9 నుంచి 42 (అన్నిటికన్నా సన్న తీగ 9, అన్నిటికన్నా లావు తీగ 42) సెట్టు వేస్తే ఆరు తీగల లాగుడు కలిపి సుమారు 38 కిలోలు, 10 నుంచి 46 అయితే 46 కిలోలు, 11 నుంచి 49 అయితే 53 కిలోల దగ్గర. ఇప్పుడు మీ అకౌస్టిక్ మీద ఉన్న 12 గేజ్ 70 కిలోలు దాటుతుంది. అంటే మాస్టారు చెప్పిన 11 కూడా ఇప్పుడున్న దానికంటే తేలికే. ఆయన మిమ్మల్ని కష్టపెట్టాలని చెప్పలేదు. 11తో నాదం నిండుగా ఉంటుంది, గట్టిగా దంచినా శ్రుతి కదలదు, ఆ మాట నిజం. అయితే 11ను ఒక పూర్తి స్వరం పైకి లాగి, అక్కడ నిలిపి ఊపడం మీ చేతికి పెద్ద పని. కీర్తనల కోసమే కదా ఈ ప్రయాణం! అమెరికన్ బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ 13 గేజ్ వాయించేవాడని గిటార్ వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు, అర మెట్టు కిందికి శ్రుతి చేసుకునేవాడని చెప్పడం మర్చిపోతారు. అమెరికన్ రాక్ గిటారిస్టు బిల్లీ గిబన్స్ 7 గేజ్‌తో అంత లావు నాదం పలికిస్తాడు. బ్లాక్ సబ్బత్ బృందం గిటారిస్టు టోనీ అయోమీ 17 ఏళ్ల వయసులో, 1965లో, బర్మింగ్‌హామ్‌లో లోహపు రేకుల ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేలికొసలు పోగొట్టుకున్నాడు. సన్నటి తీగలు వేసుకుని, తర్వాత శ్రుతి కూడా దించుకుని, హెవీ మెటల్ అనే సంగీతానికి పునాది వేసిన వాళ్లలో ఒకడయ్యాడు. వేళ్లు నొప్పెట్టడం భక్తికీ సాధనకూ కొలత కాదు.

అలాగని అన్నిటికన్నా సన్నవే మంచివని కూడా కాదు. యూత్ పిల్లవాడి గిటార్ మీద మీ కార్డులు అపశ్రుతిగా వినిపించాయన్నారు కదా. గిటార్ శ్రుతిలోనే ఉండి ఉంటే, కారణం మీ చెయ్యే. నాలుగేళ్లు 70 కిలోల లాగుడుతో పెనుగులాడిన చెయ్యి, 38 కిలోల తీగలను కూడా అంతే బలంతో నొక్కుతుంది. అలా నొక్కితే సన్న తీగ ఫ్రెట్ మీద సాగి శ్రుతి పైకి పోతుంది. ఒక్కో వేలు ఒక్కోలా నొక్కుతుంది కాబట్టి కార్డు కలవదు. ఇది నెల రెండు నెలల్లో సర్దుకుంటుంది. ఒక పని చేయండి. తీగ మీద వేలు ఊరికే ఆనించి మీటుతూ, స్వరం పలికేదాకా కొద్దికొద్దిగా బలం పెంచండి. ఎక్కడ స్వరం శుభ్రంగా పలికిందో అక్కడ ఆపండి. అంతకు మించి పెట్టే బలమంతా దండగ. అది చేతికి అలవాటయ్యేదాకా 9 కంటే కొంచెం ఎదురు నిలిచే తీగ మీకు నయం.

నేను మీ చోట ఉంటే మొదట 10 నుంచి 46 సెట్టుతో మొదలుపెడతాను, గిటార్ కొలత చిన్నదైతే. కొలత పొడుగైతే తొమ్మిదిన్నర సెట్టు గానీ, సన్న తీగల వైపు 9 ఉండి రెండో వైపు లావు తీగలుండే 9 నుంచి 46 సెట్టు గానీ చూస్తాను. ఆ రెండోది మీలాంటి వాళ్ల కోసమే చేసినట్టుంటుంది. లాగే తీగలు సన్నగా, దంచే తీగలు గట్టిగా ఉంటాయి. ఒక్క జాగ్రత్త. ఫాస్ఫర్ బ్రాంజ్ అని రాసి ఉన్న అకౌస్టిక్ తీగలు ఎలక్ట్రిక్‌కు వేయకండి. పికప్ అయస్కాంతంతో పని చేస్తుంది, కంచు చుట్టు దానికి అందదు, స్వరాలు ఎగుడుదిగుడుగా వస్తాయి. నికెల్ పూత ఉక్కు తీగలు అడగండి.

కొలత పొడుగు పొట్టి అన్నాను. ఇక్కడే అన్నయ్య చెప్పిన గిటార్‌కు ఒక మంచి గుణం ఉంది, అది మీరెవరూ లెక్కలోకి తీసుకోలేదు. గిబ్సన్ లెస్ పాల్ కొలత 24.75 అంగుళాలు, స్ట్రాట్ కంటే ముప్పావు అంగుళం తక్కువ. అదే తీగ, అదే శ్రుతి అయినా లాగుడు సుమారు 6 శాతం తగ్గుతుంది. దాని మీద 10 సెట్టు 44 కిలోల దగ్గర ఉంటుంది. ఫ్రెట్లు కూడా కాస్త దగ్గరగా ఉండి చిన్న చేతికి చిటికెన వేలు అందుతుంది. వేళ్ల వరకు చూస్తే లెస్ పాలే మీకు అనువు. భుజం దగ్గర మాత్రం మాస్టారు గెలుస్తారు. లెస్ పాల్ సాధారణంగా 4 కిలోల పైనే ఉంటుంది, స్ట్రాట్ మూడున్నర కిలోల అటూ ఇటూ. అర కిలోయే కదా అనిపిస్తుంది. రెండు గంటలు ఒకే భుజానికి వేలాడదీసి, ఊపిరి నిండా తీసుకుని పాడే మనిషికి అది చిన్న తేడా కాదు. ఇంకొకటి, ఆ గిటార్ తల వెనక్కి వంగి ఉంటుంది, నట్ వెనక మెడ సన్నం. పడితే అక్కడే విరుగుతుంది. శనివారం రైల్లో మెత్తటి సంచిలో వేసుకుని తీసుకెళ్లే వస్తువు కాదు, గట్టి పెట్టె కావాలి, ఆ పెట్టె బరువు వేరే.

స్ట్రాట్ తీసుకుంటే భుజానికి హాయి, శరీరానికి ఒదిగేలా చెక్కిన ఆకారం, స్పష్టమైన నాదం. కీర్తన స్వరం స్వరంగా వినిపిస్తుంది. పిల్లలన్న రొద సంగతి నిజమే. సింగిల్ కాయిల్ చుట్టూ ఉన్న కరెంటు లైన్ల నుంచి 50 హెర్ట్జ్ గుయ్యిమనే రొదను పట్టుకుంటుంది, క్రిస్మస్‌కు సీరియల్ లైట్లు పెట్టినప్పుడు ఇంకాస్త. 1950ల నడుమ గిబ్సన్‌లో సేత్ లవర్ అనే ఇంజనీరు రెండు కాయిళ్లను ఎదురెదురుగా కలిపి ఆ రొదను కొట్టేసే హంబకర్ తయారు చేసింది ఇందుకే. అయితే మీరు డిస్టార్షన్ (నాదాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) పెద్దగా వాడరు. శుభ్రమైన స్వరంలో ఈ రొద అంత పైకి రాదు. పైగా ఇప్పటి స్ట్రాట్‌లు చాలావాటిలో స్విచ్ రెండో స్థానంలో, నాలుగో స్థానంలో పెడితే రెండు పికప్‌లు కలిసి హంబకర్‌లా రొదను కొట్టేస్తాయి. స్ట్రాట్ మీద తీగల గేజ్ మారిస్తే బ్రిడ్జ్ వెనక స్ప్రింగులు కూడా సర్దించాలి, లేకపోతే బ్రిడ్జ్ లేచి కూర్చుంటుంది. ఇది మీ మాస్టారికి తెలిసిన పనే.

మూడో రకం గిటార్ ఒకటుంది, నాకు మీ విషయంలో ఎక్కువ మొగ్గు దాని వైపే. స్ట్రాట్ ఆకారం, కానీ బ్రిడ్జ్ దగ్గర హంబకర్, మిగతా రెండూ సింగిల్ కాయిల్. యమహా పసిఫికా 112వి ఇలాంటిదే, దాని టోన్ నాబ్ పైకి లాగితే హంబకర్ కూడా సింగిల్ కాయిల్‌లా పని చేస్తుంది. ఫెండర్ వాళ్ల చవక బ్రాండు స్క్వయర్‌లో అఫినిటీ అనే రకంలో కూడా ఈ అమరిక ఉన్నది దొరుకుతుంది. కొలత మాత్రం పొడుగే, కాబట్టి తొమ్మిదిన్నర లేదా 9 నుంచి 46 తీగలు. ఇక అన్నయ్య తెచ్చేదే కావాలి, బరువు వద్దు అంటే ఎస్‌జీ ఉంది. అదే గిబ్సన్ కుటుంబం, అదే పొట్టి కొలత, అవే హంబకర్లు, పలచటి చెక్క, దాదాపు 3 కిలోలు. తల బరువుకు మెడ కిందికి వాలుతుంది, గరుకు స్ట్రాప్ వేసుకుంటే ఆగుతుంది. గిబ్సన్ వాళ్ల చవక బ్రాండు ఎపిఫోన్‌ది తీసుకుంటే ధర కూడా అందుబాటులో ఉంటుంది.

ఏది తీసుకున్నా 45 వేలూ గిటార్ మీదే పెట్టకండి. మీ చర్చిలో యాంప్ లేదు, తిన్నగా మిక్సర్‌లో పెడతామని రాశారు. ఎలక్ట్రిక్ గిటార్‌ను అలా పెడితే నాదం చచ్చిపోయినట్టుంటుంది, ఎంత ఖరీదైన గిటార్ అయినా సరే. ఆ పికప్‌కు దాదాపు 1 మెగాఓమ్ ఇన్‌పుట్ నిరోధం (ఇంపెడెన్స్) కావాలి, మిక్సర్ మామూలు లైన్ ఇన్‌పుట్ అందులో చిన్న వంతే ఉంటుంది. మధ్యలో డీఐ బాక్స్ (గిటార్ సంకేతాన్ని మిక్సర్‌కు తగ్గట్టు మార్చే పెట్టె) ఉండాలి, లేదా స్పీకర్ సిమ్యులేషన్ (యాంప్ స్పీకర్ నాదాన్ని అనుకరించే సౌకర్యం) ఉన్న మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ ఉండాలి. నేనైతే పెడల్ అంటాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని రాత్రి పూట ఎవరి నిద్రా చెడగొట్టకుండా సాధన చేసుకోవచ్చు, ట్యూనర్ అందులోనే ఉంటుంది. మీ డబ్బులో నాలుగో వంతు దానికి తీసి పక్కన పెట్టండి.

డిసెంబర్‌కు ముందు ఒక శనివారం క్లాసు అయ్యాక మాస్టారినే వెంటబెట్టుకుని విజయవాడలో కొట్లకు వెళ్లండి. కొనడానికి కాదు, మీ చేతికి ఏది సరిపోతుందో తెలుసుకోవడానికి. పొట్టి కొలతది ఒకటి, పొడుగు కొలతది ఒకటి అడిగి, వాటి మీద ఇప్పుడు ఏ గేజ్ తీగలున్నాయో తప్పకుండా అడగండి. అది తెలియకుండా రెండు గిటార్లను పోల్చడం కుదరదు. కూర్చుని రెండు నిమిషాలు వాయించి లేచిపోకండి. స్ట్రాప్ వేసుకుని నిలబడి, ఆదివారం మిమ్మల్ని ఎక్కువ కష్టపెట్టే పాట మొత్తం పాడుతూ వాయించండి. కొట్టువాడు చూస్తున్నాడని మొహమాటపడకండి. తర్వాత మొదటి తీగను పదిహేనో ఫ్రెట్ దగ్గర స్వరం పైకి లాగండి. మధ్యలో నాదం ఆగిపోతే ఫ్రెట్లో గానీ సెటప్‌లో గానీ తేడా ఉంది. పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగను నొక్కకుండా వేలు తాకించి పలికించే స్వరం), అక్కడే నొక్కిన స్వరం ఒకటిగా ఉన్నాయో లేదో ట్యూనర్‌తో చూడండి. తేడా ఉంటే సరిచేసి ఇమ్మనండి, అది గిటార్ లోపం కాకపోవచ్చు. మాస్టారు పక్కనే ఉండి మీ చెయ్యి 11 మీద, 10 మీద ఎలా ఆడుతుందో తన కళ్లతో చూస్తే, ఆయన మాట కాదన్నట్టు కాకుండా ఇద్దరూ కలిసి తేల్చుకున్నట్టు అవుతుంది. "10తో మొదలుపెడతాను సార్, వేసవి సెలవుల తర్వాత మీరే విని చెప్పండి, అవసరమైతే 11కి మారతాను" అనండి. తీగలు మార్చడం అరగంట పని. దాని గురించి ఒక గురువు మనసు కష్టపెట్టుకోనక్కర్లేదు.

అన్నయ్య సంగతి ఇంకొంచెం సున్నితం. ఆయన మీకు ఇవ్వాలనుకుంటున్నది తనకు దొరకనిది. అందుకే "వద్దన్నయ్యా, నేనే కొనుక్కుంటా" అంటే ఆయనకు గిటార్ ఒక్కటే వద్దన్నట్టు వినిపించదు. కొట్లో చూసి వచ్చాక ఫోన్ చేయండి. వీడియో కాల్‌లో ఒక పాట వాయించి చూపించండి. "అన్నయ్యా, రెండు గంటలు నిలబడి పాడాలి, నాలుగు కిలోలు మొయ్యలేకపోతున్నా. నువ్వు చెప్పిన కంపెనీలోనే ఎస్‌జీ అని తేలికది ఉంది, అది తెస్తావా?" అని అడగొచ్చు. ఇలా అడిగితే కానుక ఆయనదే, కొలత మీది. మీ 45 వేలు పెడల్‌కు, గట్టి పెట్టెకు, సెటప్‌కు వస్తాయి. చిక్కల్లా, చేత్తో పట్టి చూడకుండా వచ్చే గిటార్ ఇది, నచ్చకపోతే తిప్పి పంపడం కష్టం. లేదా "గిటార్ ఇక్కడ చూసి తీసుకుంటాను, పెడల్ నువ్వు తేవా?" అనొచ్చు. అప్పుడు నచ్చిన గిటార్ దొరుకుతుంది, రిపేరొస్తే కొట్టువాడు దగ్గర్లో ఉంటాడు. ఆయన మనసులో కాస్త వెలితి మిగలొచ్చు. ఆయన "కాదు, లెస్ పాలే" అని పట్టుబడితే పుచ్చుకోవడం కూడా తప్పు కాదు. బరువు తూచి తక్కువున్నది ఏరమనండి, వెడల్పాటి స్ట్రాప్ వేసుకోండి, పాటల మధ్య ప్రసంగం వచ్చినప్పుడు భుజం నుంచి దించి స్టాండు మీద పెట్టండి. భుజం నొప్పి మొదలైతే దాచుకోకుండా ఆయనకు చెప్పండి.

ఏది తెచ్చినా అమెరికా నుంచి యాంప్ మాత్రం తేవద్దనండి. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. పొరపాటున మన ప్లగ్‌లో పెడితే మొదటి రోజే కాలిపోతుంది. పెడల్ అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉందో లేదో చూసుకోమనండి. గిటార్ ఖరీదైనదైతే కస్టమ్స్ సుంకం పడొచ్చు, పరిమితి ముందే చూసుకుని బిల్లు దగ్గర ఉంచుకోమనండి. సంచిలో చోటుంటే పూత వేసిన తీగల సెట్లు నాలుగైదు తెమ్మనండి, 10 నుంచి 46వి కొన్ని, 9 నుంచి 46వి కొన్ని. మన గుంటూరు ఎండలకు, చెమటకు మామూలు తీగ త్వరగా తుప్పు పట్టి వేళ్లకు గరుకుగా తగులుతుంది. పూత ఉన్నవి ధర ఎక్కువైనా చాలా కాలం నిలుస్తాయి. ఏ తీగలైనా వాయించే ముందు చేతులు కడుక్కోండి, వాయించాక పొడి గుడ్డతో ఒక్కో తీగను పట్టి తుడవండి. మేలో మూసిన కారులో గిటార్ వదలకండి. రెండు గేజ్‌లూ చేతిలో ఉంటాయి కాబట్టి ఒక్కోటి నెల రోజులు వేసి చూసి, కీర్తన ఏ తీగ మీద బాగా పలికిందో మాస్టారికి వినిపించండి.